పదిహేనా, యాభయ్యా?

"50 సెకన్లేమిటే? పిక్క పట్టేసింది. నిజంగా అంతసేపు చెయ్యాలా?"

మొన్నామధ్య పొద్దున్నే అక్క పంపిన మెసేజ్ ఇది. కాలి పిక్కలు సాగదీసే వ్యాయామం వీడియో ఒకటి చూసి తను రోజూ చేస్తోంది. బొమ్మ వీడియోలో చూస్తుంది, మాటలు మాత్రం నేను పంపిన పేజీలో చదువుకుంటుంది. అక్కకి ఎడమ చెవి వినపడదు. కుడి చెవికి మిషన్ ఉంది. దాంతో గొంతు వినిపిస్తుంది గానీ ఏ మాట అన్నారో తెలియదు. వీడియో అడుగున క్యాప్షన్లు వస్తాయి కదా అంటారు చాలామంది. వ్యాయామం వీడియోలో కాలు ఎక్కడ పెట్టారో చూడాలి, ఏం చెబుతున్నారో చదవాలి, రెండూ ఆ రెండు సెకన్లలోనే అయిపోవాలి. కళ్లు అటైనా ఉంటాయి, ఇటైనా ఉంటాయి. అందుకే ఒకసారి అంది, "మాటలన్నీ ఒక్కచోట రాసి ఉంటే ముందు చదివేసుకుని, తర్వాత వీడియో పెట్టుకుంటానే" అని.

ఆ మాట పట్టుకుని ఒక ఆదివారం కూర్చుని స్క్రిప్టు, అంటే చిన్న ప్రోగ్రాం, రాశాను. వీడియో లింకు ఇస్తే క్యాప్షన్లు తెచ్చి, పేరాలుగా కలిపి, మామూలు వెబ్ పేజీలా చేసి పెడుతుంది. అరవై లైన్లు కూడా ఉండదు. ఏడాదిగా నడుస్తోంది. అక్క ఈపాటికి వంద పేజీల దాకా చదివి ఉంటుంది.

మెసేజ్ చూశాక వీడియో పెట్టి ఆ చోటు విన్నాను. ఆవిడ "ఫిఫ్టీన్ సెకండ్స్" అంటున్నారు, స్పష్టంగానే. నా పేజీలో 50 అని ఉంది. మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. వినగలిగినవాళ్లకి అది క్షణంలో తేలిపోయే విషయం. అక్కకి మాత్రం నేను పంపిన పేజీ తప్ప వేరే ఆధారం లేదు. తన కాలి నొప్పి సాయంత్రానికి తగ్గింది గానీ నాకు ఆ రోజంతా మనసు కుదురుగా లేదు. ఆ ఒక్క అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ వెళితే, ఏడాదిగా వాడుతున్న లైబ్రరీ (వేరేవాళ్లు రాసిపెట్టిన రెడీమేడ్ కోడ్) గురించి నాకు తెలియనివి చాలా తెలిశాయి. ఇలాంటి పనే చేస్తున్నవాళ్లు ఎవరైనా ఉంటే పనికొస్తుందని రాస్తున్నాను.

నేను వాడేది యూట్యూబ్ ట్రాన్స్‌క్రిప్ట్ ఏపీఐ అనే లైబ్రరీ, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. పేరు చూస్తే అలా అనిపించినా అది యూట్యూబ్ వాళ్లది కాదు, ఎంఐటీ లైసెన్సుతో అందరికీ అందుబాటులో ఉన్న ఓపెన్ సోర్స్ కోడ్. పిప్ అనే సాధనంతో ఒక్క లైనులో ఇన్‌స్టాల్ అవుతుంది. ఏపీఐ కీ (వాడుకోవడానికి సైటు ఇచ్చే కోడ్) అక్కర్లేదు, లాగిన్ అక్కర్లేదు, వెనకాల బ్రౌజర్ తెరిచి నడిపించాల్సిన పని లేదు. లింకులో కనిపించే 11 అక్షరాల వీడియో ఐడీ ఇస్తే చాలు, క్యాప్షన్లు వరసగా చేతికొస్తాయి. ఒక్కో ముక్కకి మూడే సంగతులు: మాటలు, అవి మొదలయ్యే సెకను, ఎంతసేపు ఉంటాయో ఆ వ్యవధి. వీడియో దింపదు. ఆడియో జోలికి పోదు. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఇది మాటలు విని రాసిపెట్టే సాధనం అనుకుంటారు. కాదు. వీడియోకి అప్పటికే ఉన్న క్యాప్షన్లను తెచ్చి ఇవ్వడమే దీని పని. అవి లేని వీడియోకి ఇది ఏమీ చేయలేదు.

లోపల ఏం జరుగుతుందో సోర్స్ తెరిచి ఓపిగ్గా చదివితే ఒక పూటలో తెలిసిపోతుంది. బ్రౌజర్ అడిగినట్టే ముందు వీడియో పేజీని తెప్పించుకుంటుంది. అందులోంచి ఒక కీ తీసుకుని, యూట్యూబ్ ప్లేయర్ తన అవసరాలకు వాడుకునే లోపలి సర్వీసును అడుగుతుంది. ఆ జవాబులో వీడియోకున్న క్యాప్షన్ ట్రాకుల జాబితా ఉంటుంది. ఒక్కో ట్రాక్‌కి పేరు, భాష కోడ్, దింపుకునే అడ్రసు ఉంటాయి. యంత్రం విని రాసిన ట్రాక్ అయితే ఏఎస్ఆర్ అని ఇంకో గుర్తు ఉంటుంది, అంటే ఆటోమేటిక్ స్పీచ్ రికగ్నిషన్. మనిషి రాసినదానికి ఆ గుర్తు ఉండదు. లైబ్రరీ ఆ తేడాను జాగ్రత్తగా పట్టుకుని, ప్రతి ట్రాక్‌కీ "ఈజ్ జెనరేటెడ్" అనే విలువ ఒకటి తగిలిస్తుంది. అవును, లేదా కాదు. ఆ తర్వాత అడ్రసుకి వెళ్లి ఎక్స్ఎంఎల్ రూపంలో ఉన్న ఫైలు తెచ్చి, విప్పి, మన చేతిలో పెడుతుంది.

ఆ అవును-కాదులను నా స్క్రిప్టు పట్టించుకోలేదు. మాటలు తీసుకుంది, సెకన్లు తీసుకుంది, దాన్ని అక్కడే వదిలేసింది. రాసినప్పుడు దాంతో నాకేం పని అనుకున్నాను.

సరే, ఆ వీడియోకి ఏయే ట్రాకులు ఉన్నాయో చూద్దామని జాబితా వేయించాను. లైబ్రరీలో అది ఒక్క ఫంక్షన్, "లిస్ట్". ఏడాదిలో ఒక్కసారి కూడా దాన్ని వాడలేదు. రెండు ట్రాకులు కనిపించాయి. ఒకటి యంత్రం రాసిన ఇంగ్లీషు, కోడ్ ఈఎన్. రెండోది మనిషి రాసిన ఇంగ్లీషు, కోడ్ ఈఎన్-జీబీ, అంటే బ్రిటిష్ ఇంగ్లీషు. రెండోదాన్ని తెరిచి అదే చోటుకి వెళ్తే 15 అని ఉంది. కామాలు, ఫుల్‌స్టాపులు అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఆ వీడియో చేసినవాళ్లలో ఎవరో శ్రద్ధగా కూర్చుని రాసిన ట్రాక్ అది. వాళ్ల కష్టం అక్కడ ఉండగానే, నేను అక్కకి యంత్రం రాసినది పంపించాను.

లైబ్రరీ అలా ఎందుకు ఇచ్చిందంటే, నేను అడిగింది అదే. భాష చెప్పకపోతే ఈఎన్ అని అనుకుంటుంది. కోడ్ అక్షరం పొల్లుపోకుండా కలిస్తేనే తీసుకుంటుంది. ఈఎన్ అంటే ఈఎన్ మాత్రమే. ఈఎన్-జీబీ, ఈఎన్-యూఎస్ ఉన్నా వాటివైపు చూడదు. దీన్ని లోపం అని నేను అనను. బ్రెజిల్ పోర్చుగీసు వేరు, పోర్చుగల్ పోర్చుగీసు వేరు. చైనీస్‌కి వస్తే లిపిలోనే సరళ రూపం, సంప్రదాయ రూపం అని రెండున్నాయి. ఇవన్నీ ఒకటేలే అని లైబ్రరీ తనంతట తాను కలిపేస్తే వాళ్లకి ఇంకో చిక్కు. ఏది కావాలో చెప్పాల్సింది వాడేవాళ్లే. నేను చెప్పలేదు.

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఒకే భాషలో రెండూ ఉంటే మనిషి రాసినదాన్నే ఎంచుతానని డాక్యుమెంటేషన్‌లో చెబుతారు. నిజమే. కానీ ఆ ప్రాధాన్యం ఒక భాష కోడ్ లోపలే. తెలుగు, ఇంగ్లీషు అని రెండు కోడ్లు వరసగా ఇచ్చామనుకోండి. ముందు తెలుగు దగ్గర ఆగి, మనిషి రాసింది ఉందా, అది లేకపోతే యంత్రం రాసింది ఉందా అని చూస్తుంది. యంత్రం రాసిన తెలుగు దొరికిందా, ఇక ముందుకు వెళ్లదు. పక్కనే మనిషి రాసిన మంచి ఇంగ్లీషు ట్రాక్ ఉన్నా మనకి కనపడదు. భాష ముఖ్యమా, రాసినవాళ్లు ముఖ్యమా అనేది చదివేవాళ్లని బట్టి ఉంటుంది. అక్కని అడిగితే ఒక్క క్షణం ఆలోచించకుండా "ఏ భాషయినా పర్లేదు, మనుషులు రాసిందే ఇవ్వు" అంది.

కాబట్టి ఇప్పుడు స్క్రిప్టు ముందు జాబితా తెప్పిస్తుంది. కోడ్‌లో అడ్డగీతకి ముందున్న భాగం చూసి తెలుగు, ఇంగ్లీషు ట్రాకులన్నీ ఏరుతుంది. వాటిలో మనిషి రాసినవి ముందు, యంత్రం రాసినవి తర్వాత పెట్టి, మొదటిది తీసుకుంటుంది. పది లైన్ల పని. రాసి, పాత ఐడీలన్నీ మళ్లీ నడిపించాను. అక్క చదివిన పేజీల్లో పదకొండింటికి మనిషి రాసిన ట్రాక్ పక్కనే ఉందని తేలింది. పదకొండూ మళ్లీ తయారుచేసి పంపాను, ఎందుకు పంపుతున్నానో కూడా రాశాను.

అక్క దానికి ఇచ్చిన జవాబు నా స్క్రిప్టుని ఇంకా ఎక్కువ మార్చింది. "యంత్రం రాస్తే తప్పులుంటాయని నాకు తెలీదా? అవి ఉంటే ఉండనీ. ఏ పేజీ ఎవరు రాసిందో పైన చెప్పు చాలు, దాన్నిబట్టి నేను చదువుకుంటాను." వినికిడి తగ్గినవాళ్లు రోజంతా చేసేది అదే కదా. ఎదుటివాళ్ల పెదాలు, ముఖం, సందర్భం అన్నీ కలిపి మాట పట్టుకుంటారు. ఏది గట్టిగా నమ్మాలో, ఏది సరిచూసుకోవాలో వాళ్లకి అలవాటే. ఆ సరిచూసుకునే అవకాశాన్నే నేను తీసేశాను.

ఇప్పుడు ప్రతి పేజీ పైన పెద్ద అక్షరాలతో "మనిషి రాసినది" అనో "యంత్రం విని రాసినది" అనో ఉంటుంది. యంత్రం రాసిన పేజీల్లో అంకెలన్నింటి వెనక లేత పసుపు రంగు వేశాను. ఇంగ్లీషులో "కెన్", "కాంట్" అనే మాటలు వచ్చిన చోట కూడా. ఆ రెండింటి మధ్య తేడా చివర్లో ఒక చిన్న హల్లు. అది నోట్లోనే ఉండిపోతే "చేయకూడదు" కాస్తా "చేయొచ్చు" అయి కూర్చుంటుంది. పసుపు కనపడితే అక్క అక్కడ నొక్కి వీడియోలో చేతివేళ్లు, ముఖం చూసుకుంటుంది, అప్పటికీ తేలకపోతే నన్ను అడుగుతుంది.

మూడో రకం కూడా ఉంది, దాని గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. ఉన్న ట్రాక్‌ని వేరే భాషలోకి అనువాదం చేయించి తెచ్చుకోవచ్చు. లైబ్రరీలో దానికి "ట్రాన్స్‌లేట్" అని ఫంక్షన్ ఉంది. అనువదించేది లైబ్రరీ కాదు, అదీ యూట్యూబ్ వైపు యంత్రమే. మొదట్లో తెలుగు పేజీలు తేలిగ్గా వస్తున్నాయని నేనూ సంబరపడ్డాను. కానీ యంత్రం విన్నదాన్ని యంత్రం అనువదిస్తే మొదటి తప్పు పోదు, రెండోదాని కింద దాక్కుంటుంది. ఇంగ్లీషు ట్రాక్‌లో వాక్యం ఎక్కడైనా ఎబ్బెట్టుగా ఉంటే, ఇక్కడేదో తేడా జరిగిందని చదివేవాళ్లకి అనుమానం వస్తుంది. అదే తెలుగులో "యాభై సెకన్ల పాటు అలాగే ఉంచండి" అని నున్నగా వచ్చేస్తే ఎవరు అనుమానిస్తారు? పైగా క్యాప్షన్ ముక్కలు వాక్యం మధ్యలో తెగుతాయి. తెలుగులో క్రియ చివరన రావాలి, ఆ చివర వేరే ముక్కలో ఉంటుంది. అందుకే అక్క పేజీలకి అనువాదం వాడటం మానేశాను. ఎవరైనా వాడితే, "యంత్రం విని, యంత్రమే అనువదించినది" అని పైన రాయండి. దయచేసి.

యంత్రం రాసే క్యాప్షన్లను తక్కువ చేస్తున్నానని మాత్రం అనుకోవద్దు. యూట్యూబ్‌లో ఆటోమేటిక్ క్యాప్షన్లు 2009 నవంబరులో మొదలయ్యాయి, అప్పట్లో ఇంగ్లీషులో, కొద్దిపాటి ఛానళ్లకే. 2010 మార్చిలో ఇంగ్లీషు వీడియోలన్నిటికీ తెరిచారు. 2009లో ఆ సంగతి ప్రకటిస్తూ రాసిన గూగుల్ ఇంజనీరు కెన్ హారెన్‌స్టీన్‌కి స్వయంగా వినికిడి లేదు. అక్కకి ఈ విషయం చెప్పినప్పుడు ఆ పేరు కాగితం మీద రాసి ఇమ్మంది. ఇన్ని వీడియోలకి మనుషులే కూర్చుని రాయడం కుదిరే పని కాదు. యంత్రం లేకపోతే తను చదివిన వంద పేజీల్లో డెబ్బై దాకా అసలు ఉండేవే కావు.

ఒకప్పుడు చూసేవాళ్లే వేరేవాళ్ల వీడియోలకి క్యాప్షన్లు రాసి ఇచ్చే వీలుండేది, కమ్యూనిటీ కాంట్రిబ్యూషన్స్ అని. 2020 సెప్టెంబర్ 28న దాన్ని తీసేశారు. తప్పుడు రాతలు ఎక్కువయ్యాయని, వాడేవాళ్లు తక్కువని చెప్పారు. అప్పుడు వినికిడి లేనివాళ్ల వైపు నుంచి గట్టిగానే అభ్యంతరాలు వచ్చాయి. ఇప్పుడు ఒక వీడియోలో 50ని 15గా దిద్దాలంటే ఆ ఛానల్ వాళ్లే దిద్దాలి. నేను దిద్దగలిగేది నా పేజీలో ఉన్నదే.

ఇక సెకన్ల సంగతి. మాటల పక్కన ఉన్న ఆ రెండు అంకెలు చూస్తే ఇందులో తికమక ఏముంది అనిపిస్తుంది. యంత్రం రాసిన ఒక ట్రాక్‌లో ఒక ముక్క 12.48 దగ్గర మొదలై 4.32 సెకన్లు ఉంటుంది అని ఉందనుకోండి. అంటే 16.80కి అయిపోవాలి. కానీ తర్వాతి ముక్క 14.64కే మొదలైపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఏదో చెడిపోయిందనుకున్నాను. చెడిపోలేదు. ఆ వ్యవధి, మాట పలకడానికి పట్టిన సమయం కాదు, ఆ అక్షరాలు తెర మీద నిలిచే సమయం. తెర మీద రెండు వరసలు ఉంటాయి కదా, కొత్త వరస కిందికొస్తే పాతది పైకి జరిగి కాసేపు అలాగే ఉంటుంది. అందుకే ఒకదాని మీదికి ఒకటి వస్తాయి. లైబ్రరీ సోర్స్‌లో ఈ సంగతి కామెంటు పెట్టి మరీ రాశారు. నేను ఆ కామెంటు చదవకుండా వ్యవధులన్నీ కూడి, ఇరవై నిమిషాల వీడియోలో దాదాపు నలభై నిమిషాల మాటలున్నాయని ఒక రోజంతా నమ్మాను.

పేరాలు విడగొట్టడానికి కూడా ఇదే అడ్డం వచ్చింది. మాట్లాడేవాళ్లు ఆగిన చోట పేరా మార్చాలని మొదట అనుకున్నాను. ముక్క ముగిసే సమయం నమ్మదగ్గది కానప్పుడు ఎక్కడ ఆగారో ఎలా తెలుస్తుంది? ఇప్పుడు మొదలయ్యే సమయాలే చూస్తాను. ఒక ముక్క మొదలుకి, తర్వాతి ముక్క మొదలుకి మధ్య ఎడం మామూలుకన్నా బాగా ఎక్కువుంటే అక్కడ పేరా. లేదంటే ముప్పై సెకన్లు దాటాక దొరికిన మొదటి ఫుల్‌స్టాప్ దగ్గర. ఫుల్‌స్టాపులే లేని ట్రాక్ అయితే ముప్పై సెకన్లకి ఒకటి, అంతే. గొప్పగా ఉండదు గానీ కళ్లకి ఊపిరాడుతుంది.

ప్రతి పేరా మొదట్లో సమయం ఒక లింకుగా పెట్టాను. వీడియో లింకు చివర టీ అని పెట్టి 754 అని సెకన్లు ఇస్తే, వీడియో 12 నిమిషాల 34 సెకన్ల దగ్గర తెరుచుకుంటుంది. నేను రెండు సెకన్లు తగ్గించి ఇస్తాను. సరిగ్గా ఆ సెకనుకే తెరిస్తే, కాలు కదిపే మొదటి క్షణం దాటిపోతోందని అక్క చెప్పింది. నా చేతిలో ఉన్న డేటాలో అన్నిటికన్నా విలువైంది ఇదేనని ఇప్పుడు అనిపిస్తుంది. మాటలు తప్పయినా సమయం సరిగ్గా ఉంటే, చదివేవాళ్లు ఆ చోటుకి వెళ్లి సరిచూసుకోగలరు. క్యాప్షన్లు తెచ్చుకుని సెకన్లు పారేసి ఒట్టి టెక్స్ట్ దాచుకునే కోడ్ చాలాచోట్ల చూస్తుంటాను. అలా చేయొద్దని చెప్పాలనిపిస్తుంది.

తెలుగు ట్రాకులతో వచ్చే చిక్కులు వేరు. "తెలుగు" అనే మాట కంటికి మూడక్షరాలు. కంప్యూటర్‌కి ఆరు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోటి మూడు బైట్లు, మొత్తం 18. ఫైల్లో రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని విడిగా చెప్పకపోతే, కొన్ని విండోస్ కంప్యూటర్లలో పైథాన్ ఈ అక్షరాలు నాకు తెలియవని ఆగిపోతుంది. జేసన్ అనే డేటా ఫైలుగా దాచుకుంటే ఆగదు గానీ, తెలుగంతా వాలు గీతలు, యూ అక్షరాలు, అంకెలుగా మారిపోయి ఫైలు తెరిస్తే ఒక్క ముక్క అర్థం కాదు. అక్షరాలు అలాగే ఉంచమని చెప్పే సెట్టింగ్ ఒకటుంది, ఎన్ష్యూర్ ఆస్కీ, దాన్ని ఫాల్స్ చేయాలి. ఈ రెండూ తెలిశాక మళ్లీ ఇబ్బంది పడలేదు.

నన్ను నిజంగా సతాయించింది కంటికి కనపడని ఒక అక్షరం. పేజీల్లో వెతికే పెట్టె ఒకటి పెట్టాను. అక్క "సాఫ్ట్‌వేర్" అని వెతికితే ఏమీ రాలేదు, పేజీలో ఎదురుగా ఆ మాట కనిపిస్తూనే ఉంది. ట కింద వ వత్తు పడకుండా, పొల్లు విడిగా కనపడటానికి మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే వెడల్పు లేని గుర్తు వేస్తారు. లిపులన్నిటికీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో దాని నంబరు 200సీ. కొందరి కీబోర్డు వేస్తుంది, కొందరిది వేయదు. క్యాప్షన్‌లో ఉండి, అక్క టైపు చేసినదాంట్లో లేకపోతే, యంత్రానికి అవి రెండు వేర్వేరు మాటలు. యూనికోడ్ నార్మలైజేషన్ చేసినా అది పోదు. అక్షరాల్ని ఒక పద్ధతికి తెస్తుంది గానీ ఈ గుర్తుని తీసెయ్యదు. వెతికేటప్పుడు మాత్రం రెండు వైపులా దాన్ని తీసేసి పోలుస్తున్నాను. చూపించేటప్పుడు ఎవరు ఎలా రాస్తే అలాగే ఉంచుతాను, ఎందుకంటే అది తీసేస్తే అక్షరాల రూపమే మారిపోతుంది.

ఈ లైబ్రరీ మీద ఎంత ఇష్టం ఉన్నా, దీని మీద ఏమేం కట్టుకోవచ్చో చూసుకుని కట్టుకోవాలి. యూట్యూబ్ బయటివాళ్లకని ప్రకటించని లోపలి దారిలో ఇది వెళ్తుంది, రేపు పనిచేయకపోవచ్చు అని దీని పరిచయ పేజీలోనే రాశారు. అలా ఆగిన రోజులూ ఉన్నాయి. 2025లో 1.0 వెర్షన్ వచ్చినప్పుడు పాత "గెట్ ట్రాన్స్‌క్రిప్ట్" పద్ధతి బదులు "ఫెచ్" వచ్చింది. తర్వాతి వెర్షన్లలో పాతదాన్ని పూర్తిగా తీసేశారు. నెట్‌లో దొరికే పాత ఉదాహరణలు కాపీ చేసుకుంటే ఇప్పుడు నడవనిది అందుకే. ఇంట్లో కంప్యూటర్‌లో చక్కగా నడిచిన స్క్రిప్టుని అద్దె సర్వర్ మీద పెడితే మొదటి రోజే ఆగిపోయింది. సర్వర్లు అద్దెకిచ్చే కంపెనీల ఐపీలను, అంటే నెట్‌లో ఆ కంప్యూటర్ల చిరునామాలను, చాలావరకు అడ్డుకుంటారని తర్వాత చదివాను. దాన్ని దాటడానికి ప్రాక్సీలు, అంటే మధ్యవర్తి కంప్యూటర్లు, వాడే వీలు లైబ్రరీలో ఉంది. నేను ఆ దారి పట్టలేదు. రోజుకి ఒకటో రెండో పేజీల కోసం అంత అవసరం లేదు, ఇంట్లోనే నడుపుకుంటున్నాను.

అధికారిక దారి లేదా అంటే ఉంది, యూట్యూబ్ డేటా ఏపీఐ. కానీ అందులో క్యాప్షన్లు దింపుకోవాలంటే ఆ వీడియోని ఎడిట్ చేసే అనుమతి మనకి ఉండాలి. పైగా మామూలుగా ఇచ్చే కోటా రోజుకి 10,000 యూనిట్లు, జాబితా అడిగితే 50, ఒక ట్రాక్ దింపితే 200. అనుమతి ఉన్నా ఆ లెక్కన రోజుకి 40 వీడియోలు. సొంత ఛానల్ ఉన్నవాళ్లకి అదే సరైన దారి. వేరేవాళ్ల వీడియో చదువుకోవాలనుకునే అక్కకి అది తెరుచుకోదు. ఆ మాటలు రాసింది ఎవరో, అవి వాళ్ల సొత్తు, అందుకే నా పేజీలు అక్క దాటి ఎక్కడికీ వెళ్లవు. ఒకసారి తెచ్చినదాన్ని జేసన్‌గా దాచుకుని మళ్లీ అడగను. వరసగా నాలుగు తేవాల్సి వస్తే మధ్యలో కొన్ని సెకన్లు ఆగుతాను.

ఆగిపోయినా ఈ లైబ్రరీ మీద నాకు నమ్మకం పోకపోవడానికి ఒక కారణం, ఎందుకు ఆగిందో విడమరిచి చెబుతుంది. క్యాప్షన్లు ఆపేశారా, వీడియోయే లేదా, అడిగిన భాష లేదా, మన ఐపీని అడ్డుకున్నారా, ఒక్కోదానికి వేరే ఎర్రర్. అడిగిన భాష లేకపోతే ఏయే భాషలున్నాయో కూడా ఆ ఎర్రర్‌లోనే రాస్తుంది. ఇంతకుముందు నేను వీటన్నిటినీ ఒకే చోట పట్టుకుని "క్యాప్షన్లు లేవు" అని అక్కకి చూపించేదాన్ని. అడ్డుకున్న రోజున కూడా అదే మాట. పాపం తను, వాళ్లు రాయలేదు కాబోలు అనుకుని ఆ వీడియోలు వదిలేసింది. ఇప్పుడు "ఈ రోజు తేలేకపోయాను, రేపు చూస్తాను" అనేది వేరు, "ఈ వీడియోకి క్యాప్షన్లు లేవు" అనేది వేరు.

నిన్న సాయంత్రం అక్క ఇంకో ప్రశ్న పంపింది. ఒక ఉపన్యాసం వీడియోలో మాట్లాడే ఆయన మధ్యలో ఆగి, పక్కకి చూసి, కాసేపు నవ్వుతూ నిలబడ్డారట. "ఆయన అక్కడ ఏం విన్నాడే?" అని అడిగింది. ముడి ట్రాక్ తెరిచి చూశాను. ఆ సెకను దగ్గర చదరపు బ్రాకెట్లలో "చప్పట్లు" అని ఉంది. బ్రాకెట్లలో ఉన్నవన్నీ చెత్త అనుకుని మొదటి రోజే ఒక లైను రాసి తీసేయించాను. సంగీతం, నవ్వులు, చప్పట్లు అన్నీ అలాగే పోయాయి, ఏడాదిపాటు. ఆ లైను తీసేసి, వంద పేజీలూ రాత్రి మళ్లీ తయారుచేయడానికి పెట్టి పడుకున్నాను. పొద్దున లేచేసరికి అక్క నుంచి మెసేజ్ ఉంది: "ఈయనకి మొత్తం మూడుసార్లు కొట్టారు."